అప్లై చెయ్యమని చెప్పేవాళ్లు కావాలి

(అమెరికాలోని బయోమెడికల్ ల్యాబుల్లో పనిచేస్తున్న తెలుగువారి వారాంతపు సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసి పెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? సరే. ముందు వరసలో ముప్ఫై ఏళ్లుగా సొంత ల్యాబ్ నడుపుతున్న పెద్దలున్నారు. వెనక వరసల్లో నిన్నగాక మొన్న పీహెచ్‌డీలో చేరిన పిల్లలున్నారు. ఇవాళ నేను అడగబోయేది మీ అందరినీ: ఈ దేశంలో పీహెచ్‌డీ దాకా రాలేకపోతున్న పిల్లలకి దారి చూపించమని.

ఒక తండ్రీకూతుళ్ల గురించి చెప్పి మొదలుపెడతాను. తండ్రి వెస్టిండీస్ నుంచి ఈ దేశానికి వలస వచ్చిన నల్లజాతి యువకుడు. రసాయన శాస్త్రమంటే ప్రాణం. కార్నెల్ యూనివర్సిటీలో చేరాడు కూడా. కానీ అక్కడ ఉండటానికి, తినడానికి డబ్బు కట్టలేక చదువు మధ్యలోనే వదిలేశాడు. న్యూయార్క్ వచ్చి పోస్టాఫీసులో గుమాస్తాగా చేరాడు. ఆయన కూతురు పేరు మేరీ మేనార్డ్ డేలీ. ఇంటి నుంచి వెళ్లి రాగలిగిన క్వీన్స్ కాలేజీలో చదివి 1942లో డిగ్రీ తెచ్చుకుంది. 1947లో కొలంబియా యూనివర్సిటీలో కెమిస్ట్రీలో పీహెచ్‌డీ పూర్తిచేసింది. ఈ దేశంలో కెమిస్ట్రీ పీహెచ్‌డీ పొందిన తొలి నల్లజాతి మహిళ ఆమే. కొలెస్ట్రాల్‌కీ, రక్తపోటుకీ, ధమనులు మూసుకుపోవడానికీ ఉన్న సంబంధం మీద తర్వాత ఆమె చేసిన పని మనందరి రంగానికీ పునాదుల్లో ఉంది.

ఇప్పుడు చెప్పండి, తండ్రికి తెలివి తక్కువైందా? కూతురికి అక్కరకొచ్చిన కుతూహలం ఆయన దగ్గర లేదా? అది ఆయన దగ్గరి నుంచే కదా ఆమెకి వచ్చింది! ఆయన్ని ఆపింది బస, భోజనాల బిల్లు. అంతే. కూతురు ఆ సంగతి మరిచిపోలేదు. రిటైరయ్యాక, 1988లో, క్వీన్స్ కాలేజీలో సైన్సు చదివే మైనారిటీ విద్యార్థుల కోసం తండ్రి పేరు మీద ఒక స్కాలర్‌షిప్ పెట్టింది.

నేను పదకొండేళ్లు ఒక పీహెచ్‌డీ ప్రోగ్రాం అడ్మిషన్ కమిటీలో కూర్చున్నాను. ఏటా వందల అప్లికేషన్లు చదివాను. ప్రతి ఏడాదీ ఆ తండ్రి గుర్తొచ్చేవాడు. ఎందుకంటే మా ముందుకొచ్చిన కాగితాల గురించి మేం గంటల తరబడి వాదించుకునేవాళ్లం. మా దాకా రాని కాగితాల గురించి ఎవరూ ఒక్క మాట కూడా మాట్లాడేవాళ్లు కాదు. అప్లై చేయనివాళ్ల పేర్లు ఏ జాబితాలో ఉంటాయి? ఉండవు కదా.

ఒక చిన్న ప్రశ్న. ఇక్కడున్నవాళ్లలో, పీహెచ్‌డీకి అప్లై చేసేటప్పుడు ఒక సీనియర్ సాయం తీసుకున్నవాళ్లు చేతులెత్తండి. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ చూసిపెట్టారు, ఏ ప్రొఫెసర్‌కి మెయిల్ రాయాలో చెప్పారు, ఎయిర్‌పోర్టుకొచ్చి తీసుకెళ్లారు, ఏదైనా సరే. చూశారా? దాదాపు అందరూ ఎత్తారు. నేనూ ఎత్తాను. నాకు ఒక సీనియర్ అక్క ఉండేది. తన స్టేట్‌మెంట్ కాపీ ఇచ్చింది. ఏ యూనివర్సిటీ ఫీజు మాఫీ చేస్తుందో కాగితం మీద రాసిచ్చింది. ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో చెప్పింది. నేను కష్టపడ్డాను, నిజమే. కానీ దారి నేను కనుక్కోలేదండీ, ఎవరో చూపించారు.

ఈ దేశంలోనే పుట్టి, ఈ దేశంలోనే చదివి, ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన పిల్లకి ఆ సీనియర్ అక్క ఎవరు? మనం సముద్రాలు దాటి వచ్చాం, వాళ్లు ఇక్కడే ఉన్నారు కాబట్టి వాళ్లకి అన్నీ తెలిసే ఉంటాయని అనుకుంటాం. తెలియవు. నేను దీన్ని కళ్లారా చూశాను.

వైద్య పరిశోధనకి నిధులిచ్చే ఇక్కడి ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ ఏళ్లుగా వాడిన లెక్కలో బయోమెడికల్ పరిశోధనలో తక్కువ ప్రాతినిధ్యం ఉన్నవాళ్లంటే నల్లజాతివాళ్లు, హిస్పానిక్ కుటుంబాలవాళ్లు, అమెరికన్ ఇండియన్లు, అలాస్కా, హవాయి, పసిఫిక్ దీవుల ఆదివాసులు. వాళ్లతోపాటు వైకల్యం ఉన్నవాళ్లు, పేదరికంలో పెరిగినవాళ్లు. ఆసియా వాళ్లం మనం ఆ లెక్కలోకి రాం. ల్యాబుల్లో మనం తక్కువేమీ లేం, ఆ మాట ఒప్పుకుందాం. అందుకే ఈ బాధ్యతలో మన వాటా పెద్దది. పీఐ, అంటే ల్యాబ్ అధిపతి, కుర్చీలో కూర్చున్నది మనం, వేసవిలో ఎవరికి చోటివ్వాలో తేల్చేది మనం.

అసలు ఎక్కడ ఆగిపోతున్నారు? మొట్టమొదట ఆగేది ఒక చిన్న సమాచారం దగ్గర. మూడేళ్ల కిందట ఒక చిన్న కాలేజీకి వెళ్లి మాట్లాడాను. బయాలజీ చివరి సంవత్సరం పిల్లలు నలభై మంది దాకా ఉన్నారు. పీహెచ్‌డీ ఎందుకు వద్దనుకుంటున్నారని అడిగితే ఒకమ్మాయి లేచి, "ఇప్పటికే అప్పు ఉంది మేడమ్, ఇంకో ఆరేళ్లు ఫీజులు కట్టలేను" అంది. బయోమెడికల్ పీహెచ్‌డీలో ఫీజు మనం కట్టక్కర్లేదమ్మా, వాళ్లే మనకి జీతంలాగా స్టైపెండ్ ఇస్తారు అన్నాను. గది నిశ్శబ్దమైపోయింది. ఆ పిల్లల్లో ఒక్కరికీ తెలియదు. ఎన్‌ఐహెచ్ శిక్షణ గ్రాంటు మీద ఉండే పీహెచ్‌డీ విద్యార్థికి 2024లో నిర్ణయించిన స్టైపెండ్ ఏడాదికి 28,224 డాలర్లు. చాలా యూనివర్సిటీలు దానికి ఇంకొంత కలిపి ఇస్తాయి. ట్యూషన్ ఫీజు, హెల్త్ ఇన్సూరెన్స్ కూడా సాధారణంగా ప్రోగ్రామే చూసుకుంటుంది. అది గొప్ప డబ్బని నేను చెప్పడం లేదు. కానీ అప్పు చేసి చదవాలనుకుని ఆగిపోవడానికీ, జీతంతో చదవొచ్చని తెలియడానికీ ఎంత తేడా ఉంది! ఆ ఒక్క వాక్యం నాలుగేళ్లలో ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు.

రెండోది ల్యాబ్ అనుభవం. మన కమిటీలు ముందు చూసేది ఇదే. ఎన్ని నెలలు పరిశోధన చేశారు, సొంత ప్రశ్న ఏమైనా ఉందా, పోస్టర్ పెట్టారా. ఇది న్యాయమైన కొలతే. కానీ ఆ అనుభవం ఎలా వస్తుంది? "ముందు వాలంటీర్‌గా ఒక సెమిస్టర్ చెయ్యి, చూద్దాం" అంటాం. మనలో ఎంతమంది అన్నాం ఈ మాట? నేనూ అన్నాను, మొదట్లో. ఉచితంగా వారానికి పన్నెండు గంటలు పనిచేయగలిగిన పిల్ల ఎవరు? అద్దె వేరొకరు కడుతున్న పిల్ల. సాయంత్రం దుకాణంలో పనిచేసి ఇంటికి డబ్బు పంపే పిల్ల రాదు, రాలేదు. అప్పుడు మనమేమంటాం? "ఆసక్తి లేదు" అంటాం. డబ్బు లేకపోవడాన్ని ఆసక్తి లేకపోవడంగా చదివేస్తున్నాం. దయచేసి ఈ మాట గుర్తుపెట్టుకోండి: మీ ల్యాబులో వేసవికి పిల్లల్ని తీసుకుంటే జీతం ఇచ్చి తీసుకోండి.

కిజ్మెకియా కార్బెట్ పేరు మీకందరికీ తెలుసు. కోవిడ్ వ్యాక్సిన్ కోసం ఎన్‌ఐహెచ్‌లో పనిచేసిన బృందంలో ముందున్న శాస్త్రవేత్త. ఆమె హైస్కూల్లో ఉండగానే ప్రాజెక్ట్ సీడ్ అనే పథకం ద్వారా నార్త్ కరోలినా యూనివర్సిటీలోని ఒక కెమిస్ట్రీ ల్యాబులో వేసవి పని చేసింది. అమెరికన్ కెమికల్ సొసైటీ నడిపే పథకం అది. ఆదాయం తక్కువున్న కుటుంబాల పిల్లలకి డబ్బిచ్చి ల్యాబులో పెడతారు. ఆ తర్వాత ఆమె బాల్టిమోర్ పక్కనున్న మేరీల్యాండ్ యూనివర్సిటీకి, అంటే యూఎంబీసీకి, మేయర్‌హాఫ్ స్కాలర్‌గా వెళ్లింది. 2014లో నార్త్ కరోలినాలోనే పీహెచ్‌డీ పూర్తిచేసింది.

మేయర్‌హాఫ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది ఊహ కాదు, చేసి చూపించిన పని. 1988లో రాబర్ట్ మేయర్‌హాఫ్ అనే దాత ఇచ్చిన డబ్బుతో, యూఎంబీసీలో పనిచేస్తున్న ఫ్రీమన్ హ్రబౌస్కీ దీన్ని మొదలుపెట్టారు. ఈ హ్రబౌస్కీ పన్నెండేళ్ల వయసులో, 1963లో, అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో నల్లజాతివాళ్ల హక్కుల కోసం జరిగిన పిల్లల ఊరేగింపులో నడిచి జైలుకెళ్లినవాడు. మొదటి బ్యాచిలో 19 మంది నల్లజాతి అబ్బాయిలు. మరుసటి ఏడాది అమ్మాయిల్ని, 1996 నుంచి అన్ని వర్గాల పిల్లల్నీ తీసుకున్నారు. ఏం చేశారు అక్కడ? కాలేజీ మొదలవక ముందు వేసవిలోనే అందర్నీ ఒకచోట చేర్చి చదివించారు. కలిసి చదవడం అలవాటు చేశారు. మొదటి ఏళ్లలోనే ల్యాబుల్లో పెట్టారు. మొదటి రోజు నుంచే "నువ్వు పీహెచ్‌డీ చేయబోతున్నావు" అని మాట్లాడారు. సీటు వచ్చినా ఈ పథకంలో చేరకుండా వేరే కాలేజీలకి వెళ్లినవాళ్లతో పోల్చి చూశారు. సైన్సులో పీహెచ్‌డీకి గానీ ఎండీ-పీహెచ్‌డీకి గానీ వెళ్లే అవకాశం మేయర్‌హాఫ్‌లోని నల్లజాతి విద్యార్థులకి ఐదు రెట్లు ఎక్కువ ఉంది. తెలివి విషయంలో రెండు వైపులా ఒకేలాంటి పిల్లలే. చుట్టూ ఉన్న ఏర్పాటు వేరు.

కలిసి చదవడం అన్నాను కదా, దాని వెనక ఇంకో సంగతి ఉంది. 1970లలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో యూరీ ట్రీస్‌మన్ అనే గణిత ఉపాధ్యాయుడు ఉండేవాడు. కాలిక్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు ఎందుకు తప్పుతున్నారని తోటి అధ్యాపకుల్ని అడిగాడు. పట్టుదల లేదన్నారు, పునాది లేదన్నారు, ఇంట్లో పట్టించుకోరన్నారు. ఆయన ఆ జవాబులతో ఊరుకోలేదు. పిల్లల దగ్గరికి వెళ్లి, వాళ్లు చదువుకునే తీరు గమనించాడు. నల్లజాతి పిల్లలు గంటల కొద్దీ చదువుతున్నారు, కానీ ఒంటరిగా. చైనా కుటుంబాల పిల్లలు ఒంటరిగా చదివి, ఆపైన గుంపుగా కూర్చుని ఒకరి లెక్క ఇంకొకరు దిద్దుకుంటున్నారు. తమ తప్పు ఎక్కడుందో వాళ్లకి ఆ రాత్రే తెలుస్తోంది, ఒంటరిగా చదివినవాళ్లకి పరీక్ష పేపర్ వచ్చాక తెలుస్తోంది. ఆయన ట్యూషన్ పెట్టలేదు. తేలిక లెక్కలివ్వలేదు. ఇంకా కఠినమైన లెక్కలిచ్చి కలిసి కూర్చోబెట్టాడు. ఫలితాలు మారిపోయాయి. మన హాస్టల్ గదుల్లో అర్ధరాత్రి దాకా మనం చేసింది ఇదే కదండీ?

ఇక రికమెండేషన్ లెటర్ల సంగతి. దీని మీద నాకు పట్టుదల ఎక్కువ, క్షమించండి, కొంచెం సేపు ఇక్కడే ఆగుతాను. 2017లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ వాళ్లు, నార్త్ కరోలినా యూనివర్సిటీ వాళ్లు విడివిడిగా తమ బయోమెడికల్ పీహెచ్‌డీ విద్యార్థుల పాత రికార్డులు తీసి చూశారు. జీఆర్‌ఈ స్కోరుని బట్టి ఎవరు బాగా పరిశోధన చేస్తారో, ఎన్ని పేపర్లు రాస్తారో చెప్పలేమని తేలింది. ఆ తర్వాత చాలా ప్రోగ్రాంలు జీఆర్‌ఈ తీసేశాయి. మంచిదే. నార్త్ కరోలినా అధ్యయనంలో ఇంకో విషయం కూడా ఉంది. బాగా రాణించిన విద్యార్థుల్ని ముందుగా గుర్తించగలిగింది వాళ్లతో పనిచేసినవాళ్లు రాసిన లెటర్లు. అంటే జీఆర్‌ఈ పోయాక లెటర్ బరువు ఇంకా పెరిగింది. చిన్న కాలేజీలో నూట ఇరవై మంది క్లాసులో పాఠం చెప్పే ఉపాధ్యాయుడు ఏం రాస్తాడు? "నా క్లాసులో 'ఎ' గ్రేడ్ వచ్చింది, క్రమశిక్షణ గల విద్యార్థిని." నాలుగు వాక్యాలు. పెద్ద ల్యాబులో పనిచేసిన విద్యార్థికి రెండు పేజీలు. ఏ ప్రయోగం ఎన్నిసార్లు పాడైంది, ఆ పిల్ల ఏం మార్చింది, ఎలా ఆలోచించింది, అన్నీ ఉంటాయి. కమిటీలో ఆ రెండూ పక్కపక్కన పెడితే ఏది గెలుస్తుంది? నాలుగు వాక్యాల లెటర్ ఆ పిల్ల గురించి ఏమీ చెప్పడం లేదు, ఆ పిల్ల చదివిన చోటు గురించి చెబుతోంది. చదివేటప్పుడు ఆ తేడా పట్టుకోవాల్సింది మనం. వేసవిలో పది వారాలు మీ దగ్గర చేసిన పిల్లకి ఆ రెండు పేజీలు మీరు రాయగలరు. ఆ పది వారాల్లో అన్నిటికన్నా విలువైనది అదే కావచ్చు.

ఇంటర్వ్యూల దగ్గర ఒక సంగతి చూశాను, ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఒక ఏడాది మేం ఇంటర్వ్యూకి పిలిచిన అబ్బాయి చివరి నిమిషంలో రానన్నాడు. ఆసక్తి పోయిందేమోనని పక్కన పెట్టబోయారు. నేను ఫోన్ చేశాను. ఎంతకీ చెప్పడు. చివరికి నెమ్మదిగా అన్నాడు, "విమానం టికెట్ ముందు మేం కొనుక్కుంటే తర్వాత డబ్బులిస్తామన్నారు కదా మేడమ్, నా దగ్గర క్రెడిట్ కార్డు లేదు." అంతే! మేం ఆఫీసు నుంచే టికెట్ కొన్నాం, వచ్చాడు, సీటొచ్చింది, ఈ పాటికి పీహెచ్‌డీ అయిపోయి పోస్ట్‌డాక్ చేస్తున్నాడు. ఆ రోజు ఫోన్ చేయకపోతే? ఫోన్ చేయని ఏళ్లలో ఎంతమంది అలా జారిపోయారు? నాకు రాత్రుళ్లు ఈ ప్రశ్న వస్తుంది.

చేరాక కూడా అదే కథ. ఆగస్టులో కొత్త ఊరికి రావాలి. అద్దె ఇంటికి అడ్వాన్సు కట్టాలి. మొదటి స్టైపెండ్ చాలాచోట్ల సెప్టెంబరు చివర్లో గానీ పడదు. ఆ ఐదారు వారాలు ఎలా గడుస్తాయి? ఆఫర్ లెటర్‌తోపాటే ఇంటి మార్పుకి కొంత డబ్బు ఇచ్చే ప్రోగ్రాంలు ఉన్నాయి, మీ ప్రోగ్రాంలో లేకపోతే అడగండి. తర్వాత రొటేషన్లు. మూడు ల్యాబుల్లో తిరిగి ఒకదాన్ని ఎంచుకోవాలి. ఏ ల్యాబులో పిల్లలు త్వరగా పూర్తిచేస్తారో, ఏ పీఐకి గ్రాంటు అయిపోవస్తోందో, ఎక్కడ కేకలు వినాలో, ఇవన్నీ సీనియర్ల నోటి మాటగా తెలిసే సంగతులు. ఆ మాట చెవిన పడని పిల్ల తప్పు ల్యాబులో చేరి, రెండో ఏడాది క్వాలిఫైయింగ్ పరీక్ష దగ్గర పీహెచ్‌డీ వదిలేసి మాస్టర్స్‌తో వెళ్లిపోతుంది.

పీహెచ్‌డీ అయిపోతే అన్నీ సర్దుకుంటాయా? లేదు. 1980 నుంచి 2013 దాకా తక్కువ ప్రాతినిధ్యం ఉన్న ఈ జాతుల నుంచి బయోమెడికల్ పీహెచ్‌డీలు 9.3 రెట్లు పెరిగాయి. మిగతావాళ్లలో పెరిగింది 2.6 రెట్లు. ఇంతమంది తయారైనా మెడికల్ స్కూళ్లలో అసిస్టెంట్ ప్రొఫెసర్లుగా తీసుకున్నవాళ్ల సంఖ్య ఆ పెరుగుదలతో కలిసి నడవలేదని 2016లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. గ్రాంట్ల దగ్గరా అంతే. 2011లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం చదువు, శిక్షణ, పేపర్లు అన్నీ లెక్కలోకి తీసుకున్నా నల్లజాతి శాస్త్రవేత్తలకి ఎన్‌ఐహెచ్ గ్రాంటు వచ్చే అవకాశం పది శాతం పాయింట్లు తక్కువ. 2019లో మళ్లీ చూస్తే ఒక కారణం దొరికింది. సమాజ ఆరోగ్యం, వర్గాల మధ్య ఆరోగ్యంలో తేడాలు, ఇలాంటి అంశాలు వాళ్లు ఎక్కువగా ఎంచుకుంటున్నారు, ఆ అంశాలకే గ్రాంట్లు తక్కువ వస్తున్నాయి. ఒక్కసారి ఆలోచించండి. ఎవరూ అడగని ప్రశ్నలు అడగడానికే కదా కొత్తవాళ్లు రావాలంటున్నాం? అడిగితే డబ్బు రావడం లేదు.

ఇప్పుడు మీలో కొందరి మనసులో ఉన్న ప్రశ్నకి వస్తాను. చట్టం మారింది కదా, ఇవన్నీ చేయొచ్చా? 2023 జూన్‌లో సుప్రీంకోర్టు కాలేజీ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని తీర్పిచ్చింది. డిగ్రీ అయ్యాక ఒకటి రెండేళ్లు ల్యాబులో జీతంతో పని నేర్పించి పీహెచ్‌డీకి సిద్ధం చేసే ప్రెప్, డిగ్రీ చదువుతుండగానే పరిశోధన నేర్పే మార్క్, ఇలాంటి శిక్షణ పథకాలకి 2025లో ఎన్‌ఐహెచ్ నిధులు ఆపేసింది. ప్రెప్ ద్వారా వచ్చిన పిల్లలు నా ల్యాబులోనే ఇద్దరున్నారు. ఆ వార్త విన్న రోజు వాళ్ల ముఖాలు చూడలేకపోయాను.

కానీ నేను ఇప్పటిదాకా చెప్పినవి మళ్లీ ఒకసారి చూడండి. స్టైపెండ్ ఉంటుందని చెప్పడం. వేసవి పనికి జీతమివ్వడం. టికెట్ ముందే కొనిపెట్టడం. లెటర్ వివరంగా రాయడం. పరిశోధన ల్యాబులు లేని చిన్న కాలేజీలకి వెళ్లి మాట్లాడటం. వీటిలో ఏ ఒక్కదానికీ ఎవరి జాతీ అడగక్కర్లేదు. అవసరం ఉన్న ఏ పిల్లకైనా, ఏ ఊరి పిల్లకైనా చేయొచ్చు. ఏ చట్టమూ అడ్డం రాదు. అడ్డం వచ్చేది మన తీరిక లేకపోవడం. నాకు తెలుసు, గ్రాంటు గడువులుంటాయి, పేపర్ రివ్యూలుంటాయి, ఇంట్లో పిల్లలుంటారు. అయినా అడుగుతున్నాను.

పోస్ట్‌డాక్‌లూ, పీహెచ్‌డీ పిల్లలూ, మీకు ల్యాబ్ లేదు కాబట్టి మీ వంతు లేదనుకోకండి. అప్లికేషన్లు డిసెంబరు మొదటి తేదీకి అటూ ఇటూగా ముగుస్తాయి. ఇప్పుడు సెప్టెంబరు. ఒక పిల్ల స్టేట్‌మెంట్ మూడుసార్లు చదివి పెట్టడానికి మూడు సాయంత్రాలు చాలు. ఫీజు మాఫీకి ఎలా రాయాలో చెప్పడానికి పది నిమిషాలు. ఒక్కో అప్లికేషన్‌కి వంద డాలర్ల దాకా అవుతుంది, ఎనిమిది చోట్ల పెడితే ఎంతో మీరే లెక్కేయండి. జనవరిలో ఇంటర్వ్యూలు మొదలవుతాయి. అప్పుడొక గంట ఫోన్లో ప్రశ్నలడిగి అలవాటు చేయించండి. ఏప్రిల్ 15 లోపు ఎక్కడ చేరాలో తేల్చుకోవాలి, అప్పుడు ఇంకో గంట. మీ సీనియర్ అక్క మీకు చేసింది ఇదే.

తలుపు దగ్గర బల్ల మీద రెండు కాగితాలు పెట్టాను. ఒకటి ల్యాబ్ ఉన్నవాళ్ల కోసం. మీ పేరు, వచ్చే జూన్ నుంచి ఎన్ని వారాలు చోటివ్వగలరు, జీతం ఎంత ఇవ్వగలరు, ఇవి రాయండి. జీతం గడి ఖాళీగా వదలకండి. డబ్బు సరిపోకపోతే సగమే రాయండి, మిగతా సగం కోసం డిపార్ట్‌మెంట్‌ని అడగడానికి మీతోపాటు నేనూ వస్తాను. రెండోది స్టేట్‌మెంట్లు చదివేవాళ్ల కోసం. ఇప్పటికి పదిహేడు మంది పిల్లలు సాయం అడిగి మెయిల్ చేశారు. పదిహేడు గళ్లు గీశాను. టీకి వెళ్లేముందు ఆ బల్ల దగ్గర ఒక్క నిమిషం ఆగండి, పెన్నులు అక్కడే ఉన్నాయి.